రెగ్యులేటర్ ఎవరి నోటికి?



సముద్రంలో డైవింగ్ నేర్చుకునే తెలుగువాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. రుషికొండలో సరదాగా మొదటి మునక వేసినవాళ్లున్నారు. అండమాన్‌లో హేవ్‌లాక్‌కు, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌కు, వెళ్లి కోర్సు చేసి కార్డు తెచ్చుకున్నవాళ్లున్నారు. నాలుగు రోజులు సెలవు దొరికితే మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికి బయల్దేరే హైదరాబాద్ కుర్రాళ్లున్నారు. కార్డు చేతికొచ్చాక సొంత సామాను మీదికి మనసు పోతుంది. మాస్కు కొంటారు, ఫిన్లు కొంటారు, రెగ్యులేటర్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. ధర చూసి కొంత, భయంతో కొంత. ఊపిరి ఆడేది దాంతోనే కదా. అప్పుడు తెలిసినవాళ్లను పట్టుకుని అడుగుతారు: "ఏ కంపెనీది మంచిదండీ?"

పేరున్న కంపెనీ ఏదైనా ఫరవాలేదు. ఈ జవాబు అడిగినవాళ్లకు రుచించదు, మాట దాటేస్తున్నామనుకుంటారు. కానీ ఈరోజు బజారులో ఉన్న మంచి రెగ్యులేటర్లలో ఏది నోట్లో పెట్టుకున్నా, సరదా డైవింగ్ లోతుల్లో మీకు తేడా పెద్దగా తెలియదు. తేడా వచ్చేది వేరే చోట. ఆ రెగ్యులేటర్‌కు ఏ గొట్టాలు తగిలించారు, ఎంత పొడవువి, ఏ భుజం మీదుగా వస్తున్నాయి, పక్కవాడికి గాలి అయిపోయినప్పుడు అందులో ఏది వాడి నోటికి చేరుతుంది అన్న దగ్గర. మీరు డబ్బు పెట్టి కొనే ఈ వస్తువులో సగం మీ కోసం కాదు, మీతో దిగినవాడి కోసం. ఈ సంగతి కొట్లో ఎవరూ చెప్పరు.

ముందు ఆ పరికరం చేసే పనేమిటో చూద్దాం. వంటింట్లో గ్యాస్ బండకు పెట్టే రెగ్యులేటర్ మనందరికీ తెలుసు. బండలో ఒత్తిడి ఎంతున్నా పొయ్యికి మాత్రం ఎప్పుడూ ఒకే ఒత్తిడితో, సన్నగా పంపిస్తుంది. డైవింగ్ రెగ్యులేటర్‌దీ అదే పని, ఒక చిక్కు అదనం. పొయ్యి కదలదు, డైవరు కదులుతాడు. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ సుమారు ఒక బార్ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర మన ఛాతీ మీద 2 బార్లు, 30 మీటర్ల దగ్గర 4 బార్లు. లోపలికి పీల్చే గాలి కూడా సరిగ్గా అంతే ఒత్తిడితో రాకపోతే ఊపిరితిత్తులు తెరుచుకోవు. ఎక్కువైతే అవి చిరుగుతాయి. సిలిండర్‌లో 200 బార్లుంటాయి. ఆ 200 నుంచి, మనిషి ఏ లోతులో ఉంటే ఆ లోతుకు సరిపడా దించి, అదీ పీల్చినప్పుడు మాత్రమే ఇవ్వాలి.

ఈ పని ఒక్క మెట్టులో కాదు. సిలిండర్ మెడకు బిగించే భాగాన్ని ఫస్ట్ స్టేజ్ అంటారు. అది 200 బార్లను, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే 9, 10 బార్లు ఎక్కువ ఉండేలా దించుతుంది. అక్కడి నుంచి గొట్టంలో వచ్చిన గాలిని నోట్లో ఉండే సెకండ్ స్టేజ్ అందుకుని, మిగిలిన ఆ తొమ్మిది పది బార్లనూ దించేస్తుంది.

వంటగ్యాస్ మాట ఊరికే తేలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లో పెట్రోలు దొరక్క కార్లను గ్యాస్‌తో నడిపేవారు. ఎయిర్ లిక్విడ్ అనే కంపెనీలో ఎమిల్ గాన్యాన్ అనే ఇంజినీరు ఆ కార్ల కోసం ఒక వాల్వు తయారుచేశాడు. ఇంజను ఎంత లాగితే అంత గ్యాస్ ఇచ్చే వాల్వు. ఫ్రెంచి నౌకాదళ అధికారి జాక్ ఈవ్ కూస్తో మామగారు అదే కంపెనీలో పెద్ద హోదాలో ఉండేవారు. ఆ దారిన కూస్తో, గాన్యాన్ కలిశారు. 1943లో ఆ వాల్వే ఆక్వా లంగ్ అయింది. అంతకు ముందే, 1860లలో, రూకెరోల్, దెనెరూజ్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు పీల్చినప్పుడే గాలినిచ్చే పరికరం ఒకటి చేశారు కానీ, అంత ఒత్తిడిని ఓర్చుకునే సిలిండర్లు ఆ కాలంలో లేవు.

ఆక్వా లంగ్ మొదటి పరీక్షలో జరిగిన ఒక ఇబ్బంది చెప్పుకోదగ్గది. పారిస్ దగ్గర మార్న్ నదిలో దిగి చూస్తే, ఒళ్లు అడ్డంగా ఉన్నప్పుడు గాలి బాగానే వచ్చింది. నిటారుగా నిలబడితే గాలి ఆగకుండా బయటికి పోయింది. తలకిందులైతే పీల్చడమే కష్టమైంది. కారణం చిన్నదే. గాలి వచ్చే చోటు ఒక ఎత్తులో, వదిలిన ఊపిరి బయటికి పోయే చోటు ఇంకో ఎత్తులో ఉన్నాయి. ఆ జానెడు తేడాకే నీటి ఒత్తిడి మారిపోయింది. రెండింటినీ పక్కపక్కన పెట్టగానే సమస్య పోయింది. ఈరోజు మీరు కొనే సెకండ్ స్టేజ్‌లో కూడా బుడగలు పోయే వాల్వు, పీల్చే పొరకు ఆనుకునే ఉంటుంది. ఇక రెండు లావు గొట్టాలు పోయి, ఇప్పటి మాదిరి ఒక్క సన్న గొట్టం రావడం ఆస్ట్రేలియా చలవ. మెల్‌బోర్న్‌లో టెడ్ ఎల్‌డ్రెడ్ 1952లో పోర్పస్ అనే పేరుతో అది తెచ్చాడు.

సెకండ్ స్టేజ్‌ను ఒకసారి విప్పి చూస్తే దాని మీద గౌరవం పెరుగుతుంది. ముందు మూత తీయండి. మధ్యలో మెత్తని గుండ్రటి సిలికోన్ పొర కనిపిస్తుంది, అదే డయాఫ్రం. దాన్ని ఎత్తితే అడుగున సన్నటి లోహపు మీట, దాని కొసన స్ప్రింగుతో అదిమి ఉంచిన చిన్న వాల్వు. పీల్చగానే డయాఫ్రం లోపలికి కుంగుతుంది, మీటను నొక్కుతుంది, వాల్వు తెరుచుకుని గాలి వస్తుంది. పీల్చడం ఆపితే స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. మూతకు ముందున్న బటన్ చేసేదీ అంతే, డయాఫ్రాన్ని వేలితో నొక్కడం. మొత్తం కలిపి చూస్తే గుప్పెడు విడిభాగాలుండవు.

ఇందులో ఆ వాల్వు ఏ దిక్కుకు తెరుచుకుంటుందన్నది అసలు విషయం. గొట్టంలో గాలి తోసే దిక్కునే తెరుచుకుంటుంది. మూసి ఉంచేది స్ప్రింగు ఒక్కటే. స్ప్రింగు బలం తగ్గినా, వాల్వు అరిగినా, ఫస్ట్ స్టేజ్ పాడై గొట్టంలో ఒత్తిడి హద్దు మీరినా, ఏం జరిగినా సరే వాల్వు తెరుచుకునే ఉంటుంది. గాలి బుస్సున వచ్చేస్తుంది, రాకపోవడమంటూ ఉండదు. కొద్ది మోడళ్లు వేరే పద్ధతిలో పనిచేస్తాయి, వాటికి అదనంగా ఒత్తిడి విడుదల చేసే వాల్వు పెడతారు. మిగిలినవన్నీ ఇంతే. రెగ్యులేటర్ చెడిపోతే ఊపిరి ఆగిపోతుందని కొత్తవాళ్లు భయపడతారు. నిజానికి చెడిపోయిన రెగ్యులేటర్ గాలిని ఎక్కువగా ఇస్తుంది, నిమిషాల్లో సిలిండర్‌ను ఖాళీ చేసేస్తుంది. నోట్లో ఉన్న యంత్రం బాగానే ఉండగా గాలి అయిపోవడం, మనిషి సిలిండర్ ఒత్తిడి చూపే గేజి చూడకపోవడం వల్ల జరిగేదే ఎక్కువ. ఎలా జరిగినా ఆఖరికి ఒకటే దారి, పక్కవాడి సిలిండర్. అమరిక గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఇది.

ఒక్క మినహాయింపు చెప్పాలి. సిలిండర్ వాల్వును పూర్తిగా తెరవకుండా పావు తిప్పు తిప్పి వదిలేస్తే, పడవ మీద పీల్చినప్పుడు గాలి హాయిగా వస్తుంది. 20 మీటర్లు దిగాక ప్రతి ఊపిరికీ మూడు రెట్ల గాలి కావాలి, ఆ సందులోంచి అంత రాదు. దీన్ని పైనే పట్టుకోవచ్చు. గేజి ముల్లు చూస్తూ మూడు నాలుగు సార్లు గట్టిగా పీల్చండి. ముల్లు కదలకుండా ఉంటే సరే. పీల్చినప్పుడల్లా పడి లేస్తుంటే వాల్వు సరిగా తెరుచుకోలేదన్నమాట. పడవ కుర్రాడు తెరిచాడులే అనుకోకూడదు.

ఇక కొనడం సంగతి. ఫస్ట్ స్టేజ్‌లు రెండు జాతులు, పిస్టన్, డయాఫ్రం. పిస్టన్‌ది సాదా నిర్మాణం, భాగాలు తక్కువ, గాలి ధారాళంగా ఇస్తుంది. అయితే సముద్రపు నీరు దాని స్ప్రింగు గదిలోకి నేరుగా వస్తుంది, ఉప్పూ ఇసుకా దానితో పాటే. డయాఫ్రం రకంలో లోపలి యంత్రాన్ని ఒక పొర నీటి నుంచి వేరుచేస్తుంది. దాని మీద ఇంకో పొర వేసి పూర్తిగా మూసేసే మోడళ్లూ ఉన్నాయి. ఈ మూసివేత గురించి పాశ్చాత్య పత్రికలు చదివి మనవాళ్లు గాబరా పడుతుంటారు. వాళ్ల గొడవ చలి. గాలి 200 బార్ల నుంచి 10 బార్లకు ఒక్కసారిగా వ్యాకోచిస్తే విపరీతంగా చల్లబడుతుంది. చుట్టూ నీరు 4 డిగ్రీలుంటే ఆ నీరు స్ప్రింగు చుట్టూ గడ్డకట్టి, వాల్వు తెరుచుకున్న చోటే ఇరుక్కుపోతుంది. ఆల్ప్స్ సరస్సుల్లో, ఇంగ్లండ్‌లో నీళ్లు నిండిన పాత క్వారీల్లో ఇది నిత్యం ఉండే భయం. అక్కడివాళ్లు ఒకే సిలిండర్‌కు రెండు వాల్వులు పెట్టి, రెండు ఫస్ట్ స్టేజ్‌లు తగిలించి దిగుతారు. ఒకటి గడ్డకడితే దాని వాల్వు మూసి రెండోదాంతో పైకొస్తారు. మన బంగాళాఖాతంలో, అండమాన్‌లో పైపైన నీరు 25 డిగ్రీలకు పైనే ఉంటుంది. చలి కోసం మీరు ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టనక్కర్లేదు. మూసిన రకం కొంటే ఇసుక, ఉప్పు లోపలికి పోకుండా పనికొస్తుంది, ఆ లెక్కలో కొనండి.

బ్యాలెన్స్‌డ్, అన్‌బ్యాలెన్స్‌డ్ అనే మాట రెండోది. అన్‌బ్యాలెన్స్‌డ్ రకంలో సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ గొట్టంలో ఒత్తిడి కూడా కాస్త తగ్గి, పీల్చడం కొద్దిగా బరువవుతుంది. బ్యాలెన్స్‌డ్‌లో 200 బార్ల దగ్గరా 50 బార్ల దగ్గరా ఒకేలా ఉంటుంది. 18 మీటర్లు దాటనివాళ్లకు అన్‌బ్యాలెన్స్‌డ్ రకం హాయిగా సరిపోతుంది. డైవింగ్ కేంద్రాలు అద్దెకిచ్చేవాటిలో ఆ రకం చాలా ఉంటాయి, ఎందుకంటే చౌక, మొండివి, బాగుచేయడం తేలిక. దాన్ని చిన్నచూపు చూడటం నాకిష్టం ఉండదు. 30 మీటర్లు దాటి దిగేవాళ్లయితే బ్యాలెన్స్‌డ్ తప్పనిసరి, ఎందుకంటే అక్కడ ఒక మనిషి కాదు, ఇద్దరు ఒకే ఫస్ట్ స్టేజ్ నుంచి, అదీ భయంతో రొప్పుతూ పీల్చాల్సి రావచ్చు.

యూరప్ ప్రమాణం ఈఎన్ 250 పరీక్ష దీన్నే చూస్తుంది. 50 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడిలో, నిమిషానికి 62.5 లీటర్ల చొప్పున యంత్రం చేత పీల్పిస్తారు. ఒక్కో లీటరు గాలికి పడే శ్రమ 3 జౌళ్లు దాటకూడదు. ఇందులో 'ఏ' అక్షరం కలిపి ఈఎన్ 250ఏ అని ఉంటే, ఆ రెగ్యులేటర్ అత్యవసరంలో రెండో మనిషికి కూడా గాలినివ్వడానికి పరీక్షించినదని అర్థం. కొనేటప్పుడు కంపెనీ పేరు కంటే ముందు ఆ అక్షరం వెతకండి.

బిగించే పద్ధతి కూడా రెండు విధాలు. యోక్ అంటే సిలిండర్ వాల్వు మీద చట్రంలా కూర్చుని, వెనక మరతో నొక్కి పట్టేది. డిన్ అంటే వాల్వు లోపలికే మరలాగా తిరిగి కూర్చునేది. డిన్‌లో గాలి కారకుండా ఆపే ఓ-రింగ్ రెగ్యులేటర్‌కే ఉండి లోహం మధ్య బందీగా ఉంటుంది, దెబ్బ తగిలినా జారదు. గుహల్లో, మునిగిన ఓడల్లో దూరేవాళ్లు డిన్ తప్ప వాడరు. మన తీరాల్లో అద్దెకు దొరికే సిలిండర్లు ఎక్కువచోట్ల యోక్‌వి. డిన్ కొనుక్కుని, దాని మీదికి యోక్ అడాప్టర్ ఒకటి సంచీలో వేసుకుంటే రెండు చోట్లా చెల్లుతుంది.

సరదా డైవింగ్‌లో మామూలుగా కనిపించే అమరిక ఇది. ఒక ఫస్ట్ స్టేజ్‌కు నాలుగు గొట్టాలు. కుడి భుజం మీదుగా నోట్లోకి ఒకటి. కుడివైపే కొంచెం పొడుగ్గా, పసుపు రంగులో, పక్కవాడి కోసం ఇంకొకటి, ఆక్టోపస్ అంటారు. ఎడమవైపు, తేలడానికి వేసుకునే జాకెట్‌లో గాలి నింపడానికి ఒకటి, గేజికి ఒకటి. పసుపు రంగు ఎందుకంటే కంగారులో ఉన్నవాడి కంటికి ఆనాలని. దాన్ని గడ్డానికీ, కింది పక్కటెముకలకూ మధ్య ఛాతీ మీద తగిలించుకోమని కోర్సులో చెబుతారు. కానీ పడవ మీద చూడండి. సగం మంది ఆక్టోపస్ జాకెట్ పక్కన వేలాడుతూ, దిగాక ఇసుకను ఊడుస్తూ, పగడాలకు గీరుకుంటూ ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే ముందు వచ్చేది ఇసుక. ఇక కొందరు ఆక్టోపస్‌కు అన్నింటికంటే చౌకది కొంటారు. ఎప్పుడో గానీ వాడం కదా అని. వాడే ఆ ఒక్కసారి దాన్ని నోట పెట్టుకునేవాడు ఎంత ఆబగా పీలుస్తాడో ఆలోచించండి.

ఇంకో సంగతి. గాలి అయిపోయినవాడు పసుపు రంగు వెతుక్కుంటూ మర్యాదగా రాడు. ఎదురుగా బుడగలు వస్తున్న మీ నోటి మీదికే వస్తాడు. పనిచేస్తోందని వాడి కంటికి రుజువుగా కనిపించేది అదొక్కటే. ఈ మనస్తత్వాన్ని ఒప్పుకుని, దానికి తగ్గట్టు గొట్టాలు అమర్చుకున్నవాళ్లు ఫ్లోరిడా గుహల డైవర్లు.

ఫ్లోరిడా ఉత్తర భాగం నేలంతా సున్నపురాయి. కింద మైళ్ల కొద్దీ నీళ్లు నిండిన సొరంగాలు. పైకి చూస్తే అద్దంలాంటి నీటిబుగ్గ, ఈతకొట్టే పిల్లలు. 1960, 70లలో ఆ బుగ్గల్లోకి దిగిన డైవర్లు చాలామంది తిరిగి రాలేదు. షెక్ ఎక్స్‌లీ అనే ఆయన అక్కడ బడిలో లెక్కల మాస్టారు, గుహల్లో డైవింగ్ చేసేవాడు. చనిపోయినవాళ్ల కేసులు ఒక్కొక్కటీ తీసుకుని, ఏ అడుగు దగ్గర దారి తప్పిందో చూసి, 1979లో ఒక చిన్న పుస్తకం వేశాడు. బయటి వరకూ తెగని తాడు పట్టుకుని వెళ్లడం, గాలిలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు అవసరానికి ఉంచడం, ఇలాంటి నియమాలు ఆ లెక్కల్లోంచి నిలదొక్కుకున్నాయి. ఎక్స్‌లీ 1994లో మెక్సికోలోని సకతోన్ అనే అగాధంలో 300 మీటర్లకు పైగా దిగే ప్రయత్నంలో చనిపోయాడు. ఆయన నియమాలు మాత్రం నేటికీ గుహల డైవింగ్ కోర్సుల్లో నేర్పుతారు.

పొడవు గొట్టాన్ని వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనేనని ఆ రంగంలో చెప్పుకుంటారు. ఆ గొట్టం 7 అడుగులు, అంటే 2 మీటర్ల పైచిలుకు. గుహలో సందు సన్నగా ఉన్నచోట ఇద్దరు పక్కపక్కన ఈదలేరు, ఒకడి వెనక ఒకడు రావాలి. మామూలు ఆక్టోపస్ గొట్టం సుమారు మీటరు. దాంతో ఇద్దరూ ముఖాలు ఆనించుకుని ఆ సందులో ఇరుక్కోవాలి. 7 అడుగులుంటే గాలి లేనివాడు ముందు, ఇచ్చేవాడు వెనక, వరసగా బయటపడొచ్చు.

అయితే గొప్పతనం పొడవులో లేదు, ఆ పొడవు గొట్టం ఎవరి నోట్లో ఉందన్న దగ్గరుంది. అది ఇచ్చేవాడి నోట్లోనే ఉంటుంది. కుడి భుజం వెనక నుంచి నడుము దాకా దిగి, బెల్టు కిందికి దోపి, ఛాతీకి అడ్డంగా ఎడమ భుజం మీదికెక్కి, మెడ వెనకగా తిరిగి కుడివైపు నుంచి నోట్లోకి వస్తుంది. అవసరం వస్తే నోట్లోది తీసి చాచి ఇచ్చేస్తాడు. తల కొంచెం వంచితే మెడ చుట్టూ ఉన్న చుట్ట విడిపోతుంది. తన కోసం గడ్డం కిందే, రబ్బరు తాడుతో దండలా మెడలో వేసుకున్న రెండోది ఉంటుంది. దానికి గొట్టం 22 అంగుళాలు, అంతే. చెయ్యి పెట్టి వెతకనక్కర్లేదు, గడ్డం దించితే నోటికి తగులుతుంది. పనిచేస్తోందని తెలిసినది, ఆ లోతుకు పీల్చదగిన గాలినిస్తోందని తెలిసినది ఆపదలో ఉన్నవాడికి పోతుంది. నిమ్మళంగా ఉన్నవాడు రెండోది అందుకుంటాడు. ఈ అమరికను నగిషీలన్నీ తీసేసి తీర్చిదిద్దినవాడు ఇంకో ఫ్లోరిడా డైవరు, విలియం హోగార్త్ మెయిన్. ఆయన పేరులోని మధ్య మాటతోనే దీన్ని హోగార్తియన్ అమరిక అంటారు.

రెండు సిలిండర్లు జోడించి వీపున వేసుకునే టెక్నికల్ డైవర్ల దగ్గర ఇంకొక లెక్క ఉంది. రెండింటినీ కలిపే అడ్డ గొట్టానికి కుడి ఎడమల ఒక్కో వాల్వు, ఒక్కో ఫస్ట్ స్టేజ్. పొడవు గొట్టం కుడిదానికే పెడతారు. ఎందుకు? గుహ పైకప్పుకు రాసుకుంటూ ముందుకు పోతుంటే కుడి వాల్వు పిడి తెరుచుకునే వైపు తిరుగుతుంది, ఎడమది మూసుకునే వైపు. అంటే పోతే పోయేది ఎడమవైపు గాలి. అందుకే నోట్లో ఉన్నదీ, తేలడానికి వీపున ఉండే గాలి సంచీలో, అంటే రెక్కలో, గాలి నింపే గొట్టమూ కుడికి. దండలోదీ, గేజీ, పొడి సూట్‌లో గాలి నింపేదీ ఎడమకి. ఈ పంపకంలో కుడివైపు పోయినా డైవరు సూట్‌లో గాలితో తేలగలడు, ఎడమవైపు పోయినా రెక్కతో తేలగలడు. గాలి నింపే ఈ రెండు గొట్టాలూ ఒకేవైపు పెట్టుకుని, చూడ్డానికి బాగుందని ఫొటో దిగేవాళ్లున్నారు. ఏ గొట్టం ఎందుకక్కడుందో చెప్పలేకపోతే ఆ అమరిక మీది కానట్టే.

లోతు నుంచి ఆగి ఆగి పైకి రావలసినవాళ్లు పక్కన చిన్న సిలిండర్లు కూడా తగిలించుకుంటారు. సగం ఆక్సిజన్ ఉన్న గాలి 21 మీటర్ల దగ్గర నుంచి, అచ్చమైన ఆక్సిజన్ 6 మీటర్ల దగ్గర నుంచి. ఇక్కడ రెగ్యులేటర్ ఎంపిక కంటే పేరు రాయడం ముఖ్యం. 6 మీటర్ల గాలిని 30 మీటర్ల దగ్గర పీలిస్తే ఆక్సిజనే విషమై ఫిట్స్ వస్తాయి, నోట్లోది జారిపోతుంది, మునిగిపోతారు. అనుభవం ఉన్న డైవర్లు సైతం ఇలా పోయారు. అందుకే సిలిండర్ మీద పెద్ద అంకెతో లోతు రాస్తారు. పీల్చేముందు ఆ అంకెను పక్కవాడికి చూపించి, సిలిండర్ దగ్గర నుంచి గొట్టం వెంట చేత్తో తడుముతూ వచ్చి, నోట్లో పెట్టుకునేది అదేనని ఖాయం చేసుకుంటారు. ఆక్సిజన్‌కు వాడే రెగ్యులేటర్‌లో నూనె, మామూలు గ్రీజు మచ్చుకైనా ఉండకూడదు, అంటుకుంటుంది. దాన్ని విడిగా శుభ్రం చేయించి, ఆ పనికే ఉంచాలి.

లోతులో పీల్చడం బరువవడానికి ఎంత మంచి రెగ్యులేటర్ అయినా జవాబు కాని ఒక కారణం ఉంది. గాలే చిక్కబడుతుంది. పైన లీటరు గాలి ఒక గ్రాము చిల్లర బరువుంటే, 30 మీటర్ల దగ్గర సుమారు 5 గ్రాములు. పరిశోధకులు గ్యావిన్ ఆంథొనీ, సైమన్ మిచెల్ 2016లో చెప్పిన హద్దులు లీటరుకు 5.2 గ్రాముల లోపు మంచిది, 6.2 దాటకూడదు అని. గాలితో ఇవి 30, 40 మీటర్ల చుట్టుపక్కల పడతాయి. అంతకు మించి దిగేవాళ్లు హీలియం కలుపుకునేది లోతులో కలిగే మత్తు తగ్గడానికి మాత్రమే కాదు, పీల్చే గాలి పలచబడటానికి కూడా. 40 మీటర్ల దగ్గర ఊపిరి బరువైతే ఇంకా ఖరీదైన రెగ్యులేటర్ కొందామనుకోవడం దండగ.

మరి సరదాగా దిగేవాళ్లు కూడా 7 అడుగుల గొట్టం వేసుకోవాలా? సొరంగంలో దూరనివాడికి అంత పొడవు అక్కర్లేదని నా అభిప్రాయం. నడుము దగ్గర దోపడానికి చోటులేక అది బయటికి ఊగుతుంటుంది. 5 అడుగుల గొట్టాన్ని చంక కిందుగా తెచ్చుకుని, రెండోది మెడలో దండ వేసుకుంటే ఆ పద్ధతిలోని మేలంతా వస్తుంది, చిక్కులుండవు. ఒక్క షరతు. పడవ మీద పక్కనున్నవాడికి దిగేముందు చూపించండి. "గాలి అయిపోతే నా నోట్లోది ఇస్తాను, పసుపు రంగు వెతకొద్దు" అని. ఒకసారి తీసి ఇచ్చి, వాడి చేత పట్టించండి. అంగీకారం లేని అమరిక ఎంత తెలివైనదైనా నీళ్ల కింద గందరగోళమే.

గాలి ఎంత మిగలాలన్న లెక్క ఎలా వేయాలో కూడా చూడండి. తాపీగా ఉన్న మనిషి పైన నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకోండి. 30 మీటర్ల దగ్గర అది 80 లీటర్లు. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్లంటే 2200 లీటర్లు. 50 బార్లు పక్కన పెడితే ఒక్కడికి 20 నిమిషాలు. ఇద్దరు తాపీగా పీల్చినా ఆ పక్కన పెట్టిన 550 లీటర్లు మూడు నాలుగు నిమిషాల్లోనే హరించుకుపోతాయి, భయంతో పీలిస్తే ఇంకా త్వరగా. పైకి చేరడానికి పట్టే సమయం కూడా ఇంచుమించు అంతే. కాబట్టి 30 మీటర్ల దగ్గర 50 బార్లు చూసి తిరుగుముఖం పట్టడం ఆలస్యమే.

ఇక సంరక్షణ. తీరం నుంచి రాగానే మంచినీళ్లలో నానబెట్టండి. నానబెట్టే ముందే ఫస్ట్ స్టేజ్ మూతను తుడిచి, ఆరబెట్టి, బిగించండి. తడి మూత పెడితే ఆ నీటిచుక్క నేరుగా యంత్రంలోకి పోతుంది. నానుతున్నప్పుడు ముందున్న బటన్ నొక్కకూడదు. గాలి ఒత్తిడి లేనప్పుడు నొక్కితే వాల్వు తెరుచుకుని నీళ్లు గొట్టంలోకి పాకుతాయి. పిల్లలకు అదొక ఆట, బకెట్ పక్కన వాళ్లను ఉంచకండి.

గొట్టాలు ఫస్ట్ స్టేజ్ దగ్గర మడత పడేచోట ఎక్కువ పాడవుతాయి. అక్కడ ప్లాస్టిక్ తొడుగులు వేస్తే కాపాడినట్టే కనిపిస్తుంది గానీ, ఉప్పు కింద చేరి తుప్పు తొడుగు చాటున పెరుగుతుంది. నెలకోసారి జరిపి చూడండి. పైన దారాల అల్లిక ఉండి తేలిగ్గా వంగే రకం గొట్టాలు ప్రయాణాలకు బాగుంటాయి, కానీ వాటిలో కొన్నింటికి వేడి ప్రాంతాల్లో లోపలి పొర స్ఫటికాల్లా విడిపోయి దారి మూసేస్తోందని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ హెచ్చరించింది. మన ఎండలకు అది మనం పట్టించుకోవాల్సిన మాట. మామూలు రబ్బరు గొట్టం బరువైనా నమ్మకమైనది. గేజికి పోయే గొట్టం పగిలితే పెద్ద శబ్దం వస్తుంది గానీ గాలి నెమ్మదిగా పోతుంది, ఎందుకంటే దాని రంధ్రం సూదిమొనంత. నోటికి పోయేది పగిలితే సిలిండర్ చాలా త్వరగా ఖాళీ అవుతుంది.

సర్వీసింగ్ ఎప్పుడన్నది కంపెనీ చెప్పిన గడువును బట్టి, ఏడాదికో రెండేళ్లకో. అది జరిగే చోటు మీకు అందుబాటులో ఉందా అన్నదే కొనేముందు అడగాల్సింది. విడిభాగాలు తెప్పించడానికి నెలలు పట్టే మోడల్ ఎంత గొప్పదైనా అలమారలో కూర్చుంటుంది. పాతది కొంటుంటే ఒక చిన్న పరీక్ష చేయించండి. జాకెట్‌కు పోయే గొట్టానికి ఒత్తిడి గేజి తగిలించి, సిలిండర్ తెరిచి, రెండుసార్లు పీల్చి వదలండి. ముల్లు తొమ్మిదిన్నర దగ్గరో పది దగ్గరో ఆగి కదలకుండా నిలబడితే ఫస్ట్ స్టేజ్ బాగున్నట్టే. పదిన్నర, పదకొండు, పన్నెండు అంటూ నింపాదిగా పైకి పాకుతుంటే లోపలి వాల్వు కూర్చునే చోటు అరిగిపోయింది. అమ్మేవాడు సగం ధరకే ఇస్తానన్నా సరే, సర్వీసింగ్ ఖర్చు అందులోంచి మినహాయించుకుని బేరమాడండి.